రెండు ఉత్తరాయణాల మధ్య

ఇక ఇంటికి తీసుకెళ్లమని డాక్టరు చెప్పిన రోజు మా మావయ్యగారు కారెక్కుతూ ఒకే మాటన్నారు. "ఉత్తరాయణం వచ్చేదాకా నేను పోనమ్మాయ్. మీరెవరూ కంగారు పడకండి."

అప్పటికి డిసెంబరు మొదటి వారం. ఆయన గుండె బాగా బలహీనపడింది. ఊపిరితిత్తుల్లో మాటిమాటికీ నీరు చేరుతోంది. మండవల్లిలో ఒంటరిగా ఉండలేరని ఏలూరులో మా ఇంటికి తీసుకొచ్చాం. జీవితమంతా వరి పండించిన మనిషి. చుట్టుపక్కల పొలాలన్నీ చేపల చెరువులైపోయినా తన చేను మాత్రం తవ్వనివ్వలేదు. ఉత్తరాయణంలో పోయినవాళ్లకు పైలోకం తలుపులు తెరిచి ఉంటాయని ఆయన నమ్మకం. పంచాంగం ప్రకారం అది సంక్రాంతికి గానీ రాదు. పడుకుంటే ఊపిరాడక పగలంతా దిండ్లకు ఆనుకుని కూర్చునేవారు. కళ్లు తెరవగానే "ఇవాళ తారీకెంత?" అని అడిగేవారు.

నాకు మాత్రం కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. నేను రోజూ రైల్లో వెళ్లి తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో భూగోళశాస్త్రం చెబుతాను. సరిగ్గా ఆ వారమే క్లాసులో అయనాల పాఠం వచ్చింది. నిజానికి సూర్యుడు ఉత్తరం వైపు మళ్లేది డిసెంబరు ఇరవై రెండు ప్రాంతంలో. మన పంచాంగమేమో నక్షత్రాలను పట్టుకుని నడుస్తుంది. సూర్యుడు మకరరాశిలో అడుగుపెడితేనే ఉత్తరాయణమంటుంది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ రెండూ ఇంచుమించు ఒకే రోజున జరిగేవి. కానీ వేగం తగ్గిన బొంగరం తల తిప్పినట్టు భూమి ఇరుసు కూడా ఎంతో నెమ్మదిగా తిరుగుతోంది. దానివల్ల సుమారు డెబ్బై రెండేళ్లకొక రోజు చొప్పున ఋతువులకూ నక్షత్రాలకూ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. ఇప్పటికి మూడు వారాలు దాటిపోయింది.

ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పే పాఠమే. ఈసారి మధ్యలో ఆపేసి కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాను.

సాయంత్రం వంటింట్లో మా ఆయనకు చెప్పాను.

"ఇరవై రెండు దాటాక నాన్నగారికి చెప్పేయ్" అన్నారు.

"చెబితే ఏమవుతుందండీ?"

"ఆ అవస్థ చూడలేకపోతున్నాను. ఇక కాచుకోనక్కర్లేదని తెలిస్తే..." మాట పూర్తి చెయ్యలేదు.

"అంటే, ఇక వెళ్లిపోండి అని నన్ను చెప్పమంటారా?"

"మరి తెలిసుండీ ఊరుకోవడం మాత్రం న్యాయమా?"

ఇరవై రెండు దాటింది. రైల్లో సీటు దొరికినా కూర్చోలేకపోయేదాన్ని. ఇంట్లో మడతపెట్టిన బట్టలే మళ్లీ విప్పి మడతపెట్టేదాన్ని. మావయ్యగారికి మందులిచ్చి, నోరు జారుతుందేమోనని వెంటనే గదిలోంచి బయటపడేదాన్ని. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనే ఆపారు.

"ఇలా కూర్చో అమ్మాయ్. నా గదిలో ఒక్క నిమిషం నిలవట్లేదు నువ్వు. డాక్టరు ఏమన్నా చెప్పాడా?"

"డాక్టరు సంగతి కాదండీ మావయ్యగారూ."

"మరింకేంటి?"

చెప్పేశాను. పళ్లెంలోని బత్తాయిని తిప్పి మరీ చూపించాను. సూర్యుడు అప్పుడే మళ్లాడని చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. ఎంతకీ తెరవకపోయేసరికి భయం వేసి చెయ్యి పట్టుకున్నాను.

"మరి వానలకి మేం చూసుకునే కార్తెలో?" అన్నారు.

"అవీ నక్షత్రాల లెక్కేనండీ. అవీ జరుగుతాయి."

"మృగశిర కూడానా?"

"అదీనండీ. ఇంకో రెండు వేల ఏళ్లకు మృగశిర కార్తె ఒక నెల ఆలస్యంగా వస్తుందండీ. వానలు మాత్రం ఇప్పటిలాగే జూన్‌లో పడతాయి."

ఆయన దిండు వదిలేసి నిటారుగా కూర్చున్నారు. "అయితే మృగశిర రానీ అని నారు పొయ్యకుండా కూర్చున్నవాడు మునిగిపోడూ! వాళ్లకి ఎవరు చెబుతారు?"

"ఎవరో ఒకరు సరిచేస్తారు లెండి."

"ఎవరో ఒకరంటే ఎవరమ్మా? ఇన్నాళ్లూ ఎవరు సరిచేశారు?"

ఆయనకు ఆయాసం ఎక్కువై ఆక్సిజన్ పెట్టాల్సివచ్చింది. మాస్కులోంచి కూడా ఇంకా పుట్టని రైతుల గురించే గొణుగుతున్నారు. తన ఉత్తరాయణం గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు.

మర్నాడు పొద్దున్న తారీకు అడగలేదు. "మండవల్లి తీసుకెళ్లండి. రెండో పంటకి పోసిన దాళ్వా నారుమళ్లు చూడాలి" అన్నారు. మా ఆయన వద్దన్నారు. వింటేనా? సిలిండరు కార్లో పెట్టుకుని కొల్లేరు మీదుగా, కైకలూరు దాటి బయల్దేరాం. గతుకు వచ్చినప్పుడల్లా నేను ఆయన ముఖమే చూస్తున్నాను. చేను దగ్గర దిగలేకపోయారు. మా ఆయన మడిలోంచి నాలుగు నారుమొక్కలు పీకి తెచ్చి చేతిలో పెడితే, వేళ్లు తడిమి చూసి "నీళ్లు ఎక్కువ పెట్టేశారు" అని విసుక్కున్నారు. తిరుగు దారిలో ఎన్నాళ్లకో నిద్రపోయారు.

జనవరి మొదటి వారంలో ఒక ఉదయం, కాఫీ అడిగి, నేను తెచ్చేలోగా ఆయన వెళ్లిపోయారు. అప్పటికి పంచాంగంలో ఇంకా దక్షిణాయనమే.

ఆయన కూతురు, మా ఆడపడుచు, కైకలూరు నుంచి వచ్చి కాళ్ల దగ్గర కూలబడింది. "ఇంకొన్నాళ్లు ఆగుంటే ఉత్తరాయణం వచ్చేసేది కదా వదినా! అంత బాధా పడి ఇలా అయిపోయిందేంటి?"

మా ఆయన నా వైపు చూశారు.

"వచ్చేసిందమ్మా. నాన్నగారికి తెలుసు" అన్నాను.

నేను ఓదార్పుకి అంటున్నాననుకుని ఆ అమ్మాయి ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు ముందు బొంగరం, ఇరుసు అని ఏం చెబుతాను? మావయ్యగారికి తెలుసన్నది నిజమే. నేనే చెప్పాను కదా. ఆ మాట నమ్మి నెమ్మదించారో, రైతుల బెంగలో పడి తన సంగతే మరిచిపోయారో మాత్రం నాకు తెలియదు. అడుగుదామనుకుంటూనే ఆ చివరి రోజులన్నీ గదిలోకీ బయటికీ తిరిగాను.