ఎదురు కుర్చీ

ముందుగా ఒక మాట తేల్చెయ్యాలి. సెలూన్ బాబాయి పేకాటలో పడ్డాడనీ, కత్తెరలతో సహా షాపు అమ్మేయబోతున్నాడనీ వీధి వీధంతా కోడై కూస్తోంది. ఈ మాట పుట్టింది పాలబూత్ వదిన దగ్గర. ఆవిడ ఉత్తినే అనలేదు, కళ్ళారా చూసింది. లైబ్రరీ మేడమెట్లు దిగుతున్న బాబాయి భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "పోయింది, అంతా ఊడ్చిపెట్టుకుపోయింది" అని గొణుక్కోవడం ఆవిడ చెవిన పడింది. చూసిందీ నిజమే, విన్నదీ నిజమే. మధ్యలో కలిపిన పేకముక్కలు మాత్రం ఆవిడ సొంత సరుకు.

అసలు సంగతి ఇది.

వీధి మొగలో రెండు కుర్చీల సెలూన్ ఉంది కదా, ఒక కుర్చీ బాబాయిది, రెండోది ఆయన తోడల్లుడిది. బాబాయికి యాభై దాటాయి. తనకు మీసం మొలవక ముందునుంచీ ఊరివాళ్ళ మీసాలు దిద్దుతున్న చెయ్యి అది. భార్య చిన్నపిల్లల బళ్ళో ఆయా. షాపుకు సెలవున్న రోజు ఆవిడకు బడి ఉంటుంది, బడికి సెలవున్న రోజు ఈయనకు ఊపిరి సలపదు. అందుకని తన సెలవు రోజున బాబాయి తాళం వేసిన ఇంటి చుట్టూ, తాళం వేసిన షాపు చుట్టూ తిరుగుతూ ఉంటాడు.

అలా తిరుగుతుండగా ఒకనాడు వాన పట్టుకుంది. లైబ్రరీ వసారాలో నిలబడితే జల్లు కొట్టింది. మెట్ల మీదికి జరిగాడు. అక్కడా కొట్టింది. ఇంకా పైకి జరిగాడు. పైన ఒక గది, తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల బల్లలకు అటొకరూ ఇటొకరూ తలలు వంచుకుని కూర్చున్నారు. ఒక్కరి నోటా మాట లేదు. బాబాయి షాపులో ముగ్గురు చేరితే పైకప్పు లేచిపోతుంది. ఇంతమంది ఉండి ఇంత నిశ్శబ్దం ఆయన ఒక్కచోటే ఎరుగును. ఎందుకైనా మంచిదని చెప్పులు బయట విడిచి, తువ్వాలు నడుముకు చుట్టుకుని, తలుపు దగ్గరున్న మనిషి చెవిలో మెల్లగా అడిగాడు.

"ఎవరండీ పోయింది?"

"నా గుర్రం" అన్నాడాయన తల ఎత్తకుండా.

బాబాయి బుర్ర ఆ క్షణంలో తిరగడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆగలేదు.

గదికి పెద్ద సెక్రటరీ మాస్టారు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "చదరంగం క్లబ్బయ్యా ఇది. వచ్చా నీకు?" అన్నాడు. "రాదండీ" అన్నాడు బాబాయి. "నేర్చుకుంటావా?" అంటే, వద్దండీ అనడానికి తెరిచిన నోట్లోంచి "సరేనండీ" వచ్చింది. వాన తగ్గలేదు కాబట్టి అలా అన్నాననుకున్నాడు. మరుసటి వారం వాన లేదు. అయినా వెళ్ళాడు. ఇప్పుడేమనుకోవాలో ఆయనకు తోచలేదు.

ఆ రోజు ఎదురుగా ఒక నెరిసిన జుట్టు పెద్దమనిషి కూర్చున్నాడు. ఖాళీగా కూర్చోవడం చేతకాక బాబాయి పలకరించాడు. "సారుదేం వ్యాపారమండీ? ఈ పక్కకు కొత్తగా వచ్చారా?"

"ఏంటి బాబాయ్, వేళాకోళమా? మొన్ననేగా నా తల నీ చేతిలో పెట్టాను!"

బాబాయి తెల్లబోయాడు. కళ్ళు చికిలించి చూశాడు. గొంతు తెలిసిన గొంతే, మొహం మాత్రం అతకడం లేదు. ఏదో అటుదిటూ ఇటుదటూ అయినట్టుంది. లేచి, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి చూశాడు. నడినెత్తిన రెండు సుడులు.

"అయ్యయ్యో, కళ్ళజోళ్ళ షాపు సారు! మీరా!"

పోల్చుకోలేకపోవడానికి కారణం తర్వాత తెలిసింది. షాపులో బాబాయి మొహాలు చూసేది అద్దంలోనే. అక్కడ ఎడమపక్క కనబడే పుట్టుమచ్చ, ఎదురుగా కూర్చుంటే కుడిపక్కకు వచ్చేసింది.

ఇక ఆట. రాజు అడుగు తీసి అడుగు వెయ్యడానికి గింజుకుంటాడు, మంత్రి ఎటు పడితే అటు పరిగెడతాడు. "మరి ఆయన్ని రాజనడం ఎందుకండీ?" అని బాబాయి అడిగితే మాస్టారు బంటును చేతిలో పెట్టాడు. బంటు నడిచేది తిన్నగా, చంపేది మాత్రం పక్కకు. "ఇదేం పద్ధతండీ?" అంటే గుర్రాన్ని చేతిలో పెట్టాడు. గుర్రం దూకుడు గురించి అడిగే ధైర్యమే చెయ్యలేదు. "నోటికి కాస్త తాళం వెయ్యి బాబాయ్" అన్నారందరూ. వేశాడు. అప్పుడు చేతివేళ్ళు మొదలుపెట్టాయి. లేని కత్తెరను పట్టుకుని గాలిలో చకచకా కత్తిరించడమే. "అది కూడా ఆపు" అన్నారు.

అదీ ఆపాడు. ఆపలేనిది ఇంకొకటి ఉంది. ఒక చోట నిలబడి కటింగ్ చెయ్యడం ఎవరి తరం? ఇటునుంచి చూసి, అటునుంచి చూసి, వెనక్కి జరిగి మెడ వంచి చూస్తేనే గానీ బాబాయి చెయ్యి కదలదు. బల్ల దగ్గరా అంతే. తన వంతు రాగానే లేస్తాడు, చుట్టూ తిరుగుతాడు, ఎదుటివాడి వెనక నిలబడతాడు. అక్కడికి చేరేసరికి ప్రాణం కుదుటపడుతుంది. అక్కణ్ణుంచి అన్నీ తేటగా కనిపిస్తాయి. ఆ తేటదనంలో ఒకనాడు కళ్ళజోళ్ళ సారు భుజం మీంచి చెయ్యి చాపి, ఏనుగును జరిపి, ఒక మంత్రిని ఎత్తి పక్కన పెట్టాడు. ఆ ఏనుగు సారుది. ఆ మంత్రి తనది.

"నీవి నల్లవయ్యా!" అన్నాడు మాస్టారు.

"ఎరుగుదునండీ. కానీ ఇక్కణ్ణుంచి చూస్తే ఇదే బాగుందండీ."

గదంతా ఘొల్లుమంది. మొదటిసారి నవ్వు బాగానే ఉంది. మళ్ళీ మళ్ళీ జరిగేసరికి నవ్వు విసుగైంది. చివరికొకసారి ఆయన తువ్వాలు తగిలి పక్క బల్ల మీది ఆట ఆటంతా కింద పడింది. ఆ రోజే పాలబూత్ వదిన ఆయన్ని మెట్లమీద చూసింది.

అదే రోజు మాస్టారు చెప్పేశాడు. "చూడు బాబాయ్, వచ్చే వారం ఒక ఆట ఆడు. గెలుస్తావో ఓడతావో నాకక్కర్లేదు. కూర్చున్న కుర్చీలోనే ముగించాలి. లేచావా, ఇక మెట్లెక్కొద్దు."

అంతటితో వదిలిపోయిందని సంతోషించాలి మరి. బాబాయికి ఆ రాత్రి అన్నం సయించలేదు. తనకు రాని ఆట, మాట్లాడనివ్వని గది, ఎప్పుడూ ఓటమే. పొమ్మంటే గుండెల్లో ఈ గుబులేమిటో ఆయనకు అంతుపట్టలేదు.

భార్యకు అంతకన్నా అంతుపట్టలేదు. వదిన అప్పటికే మోసుకొచ్చింది కదా.

"ఏమయ్యా, ఎక్కడికెళ్తున్నావ్ సెలవురోజు?"

"ఎక్కడికీ లేదే. ఊరికే."

"ఊరికే వెళ్ళేవాడివి మొహం అలా వేలాడేసుకుని రావడమెందుకు?"

"నాకు తెలిస్తే చెప్పనా?"

పేకాటే అని ఆవిడ ఖాయం చేసుకుంది.

వారమంతా బాబాయి కూర్చోవడం సాధన చేశాడు. బేరం లేనప్పుడు తన కుర్చీ తనే ఎక్కి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కాళ్ళు నిమిషం నిలవవు. తోడల్లుడు వెనక చేరి గుడ్డ దులిపాడు.

"ఏం అన్నగారూ, కటింగా, షేవింగా?"

"పోరా. కూర్చుంటున్నాను."

"అబ్బో! కూర్చోవడానికి కూడా రిహార్సలా?"

ఆ రోజు రానే వచ్చింది. బాబాయి కళ్ళజోళ్ళ సారుకు ఎదురుగా కూర్చుని, పాదాలు రెండూ కుర్చీ కోళ్ళకు మెలివేసుకున్నాడు. మాస్టారు పక్కన స్టూలు వేసుకున్నాడు. ఆట మొదలైంది. వంతు వచ్చినప్పుడల్లా నడుము దానంతటదే లేస్తుంది, బాబాయి దాన్ని కిందికి లాగుతాడు.

సగం ఆటలో తలుపు దగ్గర గొడుగు చప్పుడైంది. చూస్తే భార్య! బడిలో చెప్పి వచ్చేసినట్టుంది, ఆయా చీరలోనే ఉంది. పేకముక్కల మీద పడి నాలుగూ దులిపేద్దామని వచ్చిన మనిషి, ఈ మౌనం చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయింది. పక్కనున్నాయన్ని అడిగింది.

"ఎవరికేమైందండీ?"

 బాబాయి సగం లేచాడు. మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని ఆయన మోకాళ్ళకేసి చూశాడు. అటు భార్య, ఇటు కుర్చీ. ఎటూ కాకుండా గాలిలో వేలాడుతూ బాబాయి ఎదురుగా చూశాడు. కళ్ళజోళ్ళ సారు బోర్డు చూడటం లేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఈయన మొహమే చూస్తున్నాడు. ఇటుపక్కకు వచ్చిన ఆ పుట్టుమచ్చ, కాస్త భయం, కాస్త ఆత్రం. ఏళ్ళ తరబడి తన చేతుల్లో తిరిగిన తలకు ఇలాంటి చూపుందని బాబాయికి తెలియదు.

మెల్లగా కూర్చున్నాడు. నల్ల గుర్రాన్ని ఎత్తి, వేళ్ళతో గడులు లెక్కపెట్టుకుని దించాడు. చెడ్డ ఎత్తు. ఇంకాసేపటికి ఆయన రాజు చిక్కాడు, ఆట అయిపోయింది. అయినా బాబాయి లేవలేదు.

"ఓడిపోయావ్" అన్నాడు మాస్టారు. ఆనక గొంతు సవరించుకుని, "వచ్చే వారం తెల్లవి నీవి" అన్నాడు.

గుమ్మం దగ్గరి బెంచీ మీదికి చేరిన భార్య ఎవరు నెగ్గారో, ఎవరు పోయారో తెలియక అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఓడినవాడు నవ్వుతున్నాడు, నెగ్గినవాడు చెమట తుడుచుకుంటున్నాడు.

మెట్లు దిగుతూ భార్య ఆయన్ని మధ్యలో ఆపేసింది. కింద పాలబూత్ వదిన మెడ సాచి ఉందన్న సంగతి కూడా ఆవిడకు పట్టలేదు.

"పేకాట కాదు, ఒప్పుకున్నా. నోరు మెదపనివ్వరు, లేవనివ్వరు, నెగ్గింది ఒక్కసారీ లేదు. ఏముందయ్యా అక్కడ? నిజం చెప్పు."

బాబాయి తువ్వాలు తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"ఏమోనే, నాకూ సరిగ్గా తెలీదు. ఇన్నేళ్ళూ ఎంతమంది తలలు పట్టుకున్నానో! అందరూ అద్దంలో వాళ్ళని వాళ్ళే చూసుకుంటారు. ఇక్కడ కూర్చున్నవాడు, వీడిప్పుడేం చేస్తాడో అని నా మొహంలోకి చూస్తున్నాడే!"