క్లిఫర్డ్ కలిపిన పుడ్డింగు

పొయ్యి మీద గిన్నెలో నీళ్లు ఇగిరిపోతున్న సమయానికి ఎనిడ్ బ్రేస్‌బీ పక్కింటి వంటగదిలో రెండో గ్లాసు షెర్రీ వైను తాగుతూ పగలబడి నవ్వుతోంది. పక్కింటి డల్సీ పాల్‌గ్రేవ్ చర్చిలో పిల్లల నాటకం గురించి చెబుతోంది. నిజం గాడిదనే తెచ్చి నిలబెడితే అది జోసెఫ్ వేషం వేసిన పిల్లాడి పెట్టుడు గడ్డం పీకి తినేసిందట. మార్చిలో భర్త క్లిఫర్డ్ పోయాక ఎనిడ్ అలా నవ్వడం అదే మొదలు.

క్రిస్మస్ పొద్దు అది. లింకన్‌షైర్‌లో మా హాథర్‌బీలో ఎనిడ్‌ను తెలియనివాళ్లు లేరు. బడిలో మధ్యాహ్నం భోజనం వండే గదిని పాతికేళ్లకు పైగా ఏలిన మనిషి. అడుగంటిన గిన్నె కనబడితే సహాయానికి వచ్చిన ఆడపిల్లలను ఏడిపించేది. "నీళ్లు చూసుకోలేనిదానివి పొయ్యి దగ్గరికెందుకు వచ్చావే?" అన్న ఆమె మాటను ఊళ్ళో ఇప్పుడు పిల్లల తల్లులైనవాళ్లు కూడా ఆమె గొంతుతోనే అని చూపిస్తారు.

బ్రేస్‌బీల పుడ్డింగు ఆ ఏటిది ఆ ఏడు తినరు. నవంబరు చివర ఒక ఆదివారం కలుపుతారు. ఎండుద్రాక్ష, ఆవు కొవ్వు, రొట్టె పొడి, తురిమిన క్యారెట్, నల్లబీరు. ఇంట్లోవాళ్లంతా వంతులవారీగా కళ్లు మూసుకుని, తూర్పు నుంచి పడమరకు గరిటె తిప్పుతూ మనసులో ఒక కోరిక కోరుకోవాలి. రోజంతా ఆవిరి మీద ఉడికించి, గుడ్డ కట్టి, అటక మీద పెట్టి, నెలకో చెంచా బ్రాందీ పోస్తూ పై ఏడు క్రిస్మస్ దాకా ఉంచుతారు. పండుగ పొద్దున ఒక పాత వెండి మూడు పెన్నీల బిళ్ళను కడిగి అందులోకి నొక్కి, మళ్లీ ఆవిరికి ఎక్కిస్తారు. బిళ్ళ ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు ఆ ఏడంతా కలిసొస్తుంది. దొరికినవాళ్లు దాన్ని కడిగి ఇంటామెకు తిరిగి ఇచ్చేయాలి.

క్లిఫర్డ్‌కు మనసులో కోరుకోవడం చేతకాదు. "ఈసారైనా నా ఉల్లిగడ్డలకు మొదటి బహుమతి రావాలి" అని ప్రతి ఏడూ పైకే అనేసేవాడు. బహుమతి ఎన్నడూ రాలేదు. పోవడానికి ముందు నవంబరులోనూ అదే మాట అంటూ తిప్పాడు. ఈ క్రిస్మస్‌కు పొయ్యి ఎక్కింది ఆ పుడ్డింగే.

అందుకే క్లిఫర్డ్ అక్క మ్యూరియల్ వారం ముందే ఫోన్ చేసి చెప్పింది. "నాకు టర్కీ వద్దు, ఏమీ వద్దు. వాడు తిప్పింది ఒక్క ముక్క పెట్టు, చాలు."

మ్యూరియల్‌కు ఆ పుడ్డింగు మీద ఇంకో లెక్క కూడా ఉంది. వాళ్ల అమ్మ దాన్ని చేసే పద్ధతి కూతురికి నేర్పకుండా కోడలికి నేర్పింది. "మ్యూరియల్‌కు పొయ్యి దగ్గర నిలకడ లేదు. మాడుస్తుంది" అని అందరి ముందూ అంది. ఆ మాటను మ్యూరియల్ మరిచిపోలేదు, ఎనిడ్ మరిచిపోనివ్వలేదు.

ఎనిడ్ డల్సీ ఇంటి నుంచి వచ్చి వెనక తలుపు తీయగానే వాసన కొట్టింది. గిన్నె అడుగు నీలంగా కమిలిపోయింది. లోపలి పింగాణీ గిన్నె రెండుగా పగిలింది. గుడ్డ సగం కాలి, పుడ్డింగు అడుగు నుంచి నల్లటి పాకం పొగలు కక్కుతోంది. అప్పుడు తనకు ముందు గుర్తొచ్చింది క్లిఫర్డ్ కాదని, మ్యూరియల్ మొహమని, ఎనిడ్ తర్వాత కూతురితో చెప్పి తల దించుకుంది.

పాడైంది పుడ్డింగు ఒక్కటే అయితే చెప్పేసేదేమో. ఎలా మాడింది అంటే ఎక్కడున్నావు అంటారు. ఏం చేస్తున్నావు అంటారు. నవ్వుతున్నాను అని చెప్పాలి.

అల్లుడు డెరెక్‌కు ట్రాక్టర్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం. ఏటా పండుగకు కంపెనీ వాళ్లు అందరికీ ప్లాస్టిక్ గిన్నెలో పుడ్డింగు ఇస్తారు. దాన్ని తెచ్చి అత్తగారికిస్తే, ఆవిడ "ఇది తింటారా, టైరుకు అతుకేస్తారా?" అని చర్చి లాటరీకి ఇచ్చేసేది. ఈ ఏడు ఇవ్వడం మరిచిపోయింది. అది అటక మీదే ఉంది. ఎనిడ్ మాడినదాన్ని పాత కాగితంలో చుట్టి పెరట్లో చెత్తడబ్బాలో పడేసింది. కిటికీలన్నీ తెరిచింది. కంపెనీ పుడ్డింగును ఇంకో గిన్నెలో ఆవిరికి పెట్టి, ఈసారి పొయ్యి ముందు నుంచి కదలలేదు.

"ఏదో మాడిన వాసన" అంది మ్యూరియల్ వస్తూనే.

"బంగాళాదుంపలు" అంది ఎనిడ్.

బల్ల చుట్టూ అయిదుగురు కూర్చున్నారు. ఎనిడ్, మ్యూరియల్, కూతురు జిలియన్, డెరెక్, క్లిఫర్డ్ పిన్ని ఐవీ. ఐవీకి తొంభై దగ్గర పడుతున్నాయి. చెవులు సరిగా వినబడవు, ఆకలి తగ్గలేదు. అందరి నెత్తిన, బల్ల దగ్గర ఇద్దరిద్దరు చెరో కొస పట్టి లాగి పేల్చే క్రిస్మస్ పటాకుల్లోంచి తీసిన కాగితం కిరీటాలు. పుడ్డింగు మీద బ్రాందీ పోసి వెలిగిస్తే నీలి మంట లేచింది. మ్యూరియల్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"వాడి చేతి రుచే. ఎంత మెత్తగా వచ్చిందో" అంది. కంట్లో నీళ్లు తిరిగాయి. ఎనిడ్ కస్టర్డ్ జగ్గు వంక చూస్తూ కూర్చుంది.

"ఇంకో ముక్క వేస్తారా అత్తయ్యా?" అన్నాడు డెరెక్. పెళ్లయినప్పటినుంచీ అతను రెండో ముక్క అడగలేదు. ఎనిడ్ అతని మొహం చూడకుండా వేసింది.

పళ్లాలు ఖాళీ అయ్యాయి. "బిళ్ళ ఎవరికొచ్చింది?" అంది జిలియన్. ఎవరి పళ్లెంలోనూ లేదు. ఎనిడ్‌కు అప్పుడు తట్టింది. బిళ్ళ పొద్దున తానే నొక్కింది. మాడినదాంట్లో.

ఐవీ గొంతు మీద చెయ్యి వేసుకుంది. "నాకేదో గట్టిగా తగిలిందర్రా. బాదంపప్పు అనుకుని మింగేశాను."

"అయ్యో పిన్నీ! నమలకుండానా?" అంది మ్యూరియల్.

"నా వయసుకు నమలడానికి పళ్లేవీ? పోనీలే. కలిసిరావడం లోపలికే పోయింది. ఇక నన్ను ఎవరేం చేస్తారు?" అని ఐవీ గర్వంగా పొట్ట నిమురుకుంది.

మ్యూరియల్‌కు నవ్వు రాలేదు. ఆస్పత్రికి ఫోన్ చేసింది. తీసుకురండి, ఎక్స్‌రే తీసి చూస్తాం అన్నారు వాళ్లు. లింకన్ పట్నం దాకా రోడ్డంతా మంచు గడ్డకట్టి ఉంది. డెరెక్ కారు అద్దాల మీద మంచు గీకడానికి వెళ్లాడు. జిలియన్ ఐవీకి కోటు తొడిగింది. ఐవీ కాగితం కిరీటం తీయనంది. దాని మీదే టోపీ పెట్టారు.

ఎనిడ్ ఇదంతా వంటగది గుమ్మంలో నిలబడి చూసింది. కోటు గుండీలు పెట్టడం అయింది. చేతికర్ర ఇచ్చారు. ఐవీ గడప దాటడానికి కాలెత్తింది.

"ఆవిడ ఏమీ మింగలేదు" అంది ఎనిడ్.

"నీకెలా తెలుసు?" అంది మ్యూరియల్.

"మీరు తిన్నది మన పుడ్డింగు కాదు. డెరెక్ తెచ్చింది. మనది మాడిపోయింది. నేను డల్సీ ఇంట్లో ఉన్నాను."

"ఏమంటోంది?" అని ఐవీ అడుగుతూనే ఉంది. జిలియన్ ఆమె చెవిలో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అలా ఎనిడ్ చేసిన పని ఇంట్లో రెండోసారి, వీధికి వినబడేలా, వినిపించింది.

"ఇప్పుడెక్కడుంది?" అంది మ్యూరియల్.

"చెత్తడబ్బాలో."

"మా తమ్ముడు తిప్పిందాన్ని చెత్తడబ్బాలో వేసి, నాతో ఫ్యాక్టరీ ముద్ద తినిపించావు. నేను వాడి చేతి రుచి అంటుంటే వింటూ కూర్చున్నావు."

ఎనిడ్ నెత్తిన ఎర్ర కాగితం కిరీటం ఇంకా అలాగే ఉంది. తీయాలని చెయ్యెత్తి, తీయకుండానే దించేసింది.

"మీకు తెలుసా?" అని జిలియన్ మొగుణ్ణి అడిగింది.

"మొదటి ముద్దకే తెలిసింది" అన్నాడు గడప బయట నిలబడ్డ డెరెక్, చేతిలో మంచు గీకే బద్దతో. "నాకు అదే ఇష్టం."

మ్యూరియల్ పెరట్లోకి వెళ్లి కాగితం పొట్లం తెచ్చింది. రొట్టెలు కోసే కత్తితో నల్లటి పెచ్చంతా చెక్కింది. ఎవరినీ సాయం రానివ్వలేదు. నడిమధ్య పిడికెడంత మిగిలింది. దాన్ని నాలుగు పళ్లాల్లో చెంచాడు చొప్పున పెట్టింది. ఎనిడ్ పళ్లెంలో పెట్టలేదు. ఎనిడ్ అడగలేదు.

"చేదు" అంది ఐవీ చప్పరిస్తూ. "క్లిఫర్డ్ కాచే టీ ఇలాగే ఉండేది."

బిళ్ళ చెక్కిన పెచ్చులో, మసిబారి దొరికింది. మ్యూరియల్ దాన్ని కడగలేదు, ఎనిడ్‌కు ఇవ్వలేదు. రుమాలులో చుట్టి తన సంచీలో వేసుకుని వెళ్లిపోయింది.

జనవరి వచ్చేసరికి ఊరంతటికీ తెలిసింది. డల్సీ గోడ అవతల నుంచే అంతా విన్నది. బడి ముందు నుంచి వెళుతుంటే ఒకప్పటి పిల్లలెవరో "నీళ్లు చూసుకోలేనిదానివి" అని సగం అని ఆపేశారు. ఎనిడ్ అప్పటినుంచి రొట్టెలు కొనడానికి చుట్టు తిరిగి వెనక సందు గుండా వెళ్లేది. నెలనెలా, నవంబరులో కలిపిన కొత్త పుడ్డింగుకు బ్రాందీ పోయడం మాత్రం మానలేదు. అందులో క్లిఫర్డ్ చెయ్యి లేదు. అయినా అటక మీద నుంచి దించినప్పుడల్లా వీధి వైపు తలుపు వేసుకునేది.

పై ఏడు క్రిస్మస్ పొద్దున ఇంకా పొయ్యి వెలిగించకముందే తలుపు చప్పుడైంది. మ్యూరియల్. మసి అలాగే ఉన్న బిళ్ళను బల్ల మీద పెట్టింది.

"కడుగు" అంది.

ఎనిడ్ కడిగి, పుడ్డింగులోకి నొక్కి, గిన్నె పొయ్యి మీదికి ఎక్కించింది. మ్యూరియల్ కోటు విప్పకుండానే కుర్చీ లాక్కుని పొయ్యి పక్కన కూర్చుంది. అలా ఎంతసేపు కూర్చుంటుందో ఎనిడ్ అడగలేదు.

కాసేపటికి గోడ అవతల నుంచి డల్సీ కేకేసింది. "ఎనిడ్! షెర్రీ పోశాను, వస్తున్నావా?"

మ్యూరియల్ లేచి కిటికీ తెరిచింది.

"రాదు" అని చెప్పి మూసేసింది.

ఎనిడ్ టీకి కెటిల్ నింపి రెండో పొయ్యి మీద పెట్టింది.