బొట్టు పెట్టి ఇచ్చిన కత్తి

వాడపల్లి వెళ్లే రోడ్డు పక్కన బొండాలు కొట్టి అమ్ముతాను. ఆ కత్తి మా ఆయనది. కొబ్బరి దింపులు తీసేవారు, చెట్టు మీంచి పడి చనిపోయారు.

మొన్న చలికాలంలో మా అబ్బాయికి పద్దెనిమిది నిండాయి. "అమ్మా, కేకు కొయ్యాలి, కత్తియ్యి" అన్నాడు. సినిమాల్లో హీరోలు అలాగే కోస్తారట. వద్దనలేదు నేను. తండ్రి వస్తువు కదా, శుభమనుకున్నాను. దసరాకి పూజ చేసినట్టు కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి మరీ ఇచ్చాను. స్నేహితులంతా బండి సీటు మీద కేకు పెట్టి వీడియో తీసి, అందరూ చూసేలా నెట్‌లో పెట్టారు. తడికి కుంకుమ కారి, ఫోనులో అచ్చం నెత్తురులా కనబడింది. "భలే ఉంది కదమ్మా!" అని పదిసార్లు చూపించాడు. నేనూ నవ్వాను.

ఆ వీడియో కింద పక్క వీధి కుర్రాడు ఏదో రాశాడు. నాకు చదవడం రాదు, తర్వాత చెప్పారు. "బొండాల హీరో, నాకో లేతది కొట్టు" అని.

ఆ వారమే, శనివారం. వాడపల్లి గుడికొచ్చిన జనం నా చుట్టూ ఉన్నారు. మా వాడు వచ్చాడు.

"కత్తియ్యి."

"బేరం మీదున్నాను కదరా. ఏం కొయ్యాలి?"

"ఇయ్యమన్నానా! ఇయ్యాల ఆడిని ఏసేత్తాను."

అది వాడి గొంతు కాదు. రోజూ వాడు ఫోనులో చూసే సినిమాల్లోంచి వినబడే గొంతు.

బొండం కోసం నిలబడ్డ పెద్దాయన, "కుర్రోడు వేళాకోళం ఆడుతున్నాడాండీ?" అన్నారు.

"ఆయ్, వేళాకోళమేనండి" అన్నాను. పిడి మాత్రం వదల్లేదు.

అప్పుడే ఆ పక్క వీధి కుర్రాడు, ఏమీ తెలియక, బండి ఆపాడు. "పిన్నిగారూ, రెండు లేతవి కొట్టండి."

మా వాడు కత్తి పిడి పట్టుకుని లాగాడు. నేను రెండో చేత్తో పదును వైపు పట్టేశాను. వాడు లాగుతూనే ఉన్నాడు.

పచ్చటి బొండాల మీద నెత్తురు పడింది. రోజూ ఫోనులో అంత నెత్తురు చూసేవాడు, మొహం పాలిపోయి కింద కూలబడ్డాడు. "అమ్మా, ఆగట్లేదే" అన్నాడు. అది వాడి గొంతే.

ఆ కుర్రాడే బండి తిప్పాడు. "ఎక్కండి పిన్నిగారూ. ఒరే, నువ్వు ఎనకాల కూచుని ఆవిణ్ణి పట్టుకో." డాక్టరు దగ్గరికి ముగ్గురం ఒకే బండి మీద వెళ్లాం, మధ్యలో నేను.

అరచేతికి కుట్లు పడ్డాయి. రెండు వేళ్లు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు. అందరూ ఫోనుని తిడతారు, నేనూ తిడతాను. కానీ బొట్టు పెట్టి చేతికిచ్చింది నేనే కదా.

ఇప్పుడు శనివారాలు మా వాడు వచ్చి ఆటోలోంచి గెలలు దింపుతాడు. నా చెయ్యి చూసి, "నేను కొడతానమ్మా, ఇయ్యి" అంటాడు. మంచి మాటే. అయినా ఆ "ఇయ్యి" వినగానే ముడుచుకునే వేళ్లన్నీ పిడి చుట్టూ బిగుసుకుంటాయి.