కొండ మీది డబ్బా

రాయదుర్గం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలో దారి చూపే జీపీఎస్ యంత్రం ఉంది. ఎవరెవరో దాచిన డబ్బాలను దానితో వెతకడం ఆయన సరదా; ఈసారిది మా కొండను కాల్చిన మంట పుట్టిన చోట ఉందట.

"దొరికితే ఏమొస్తాదన్నా?"

"ఏమీ రాదప్పా. లోపలి పుస్తకంలో పేరు రాసి, మళ్లా ఆడ్నే పెట్టాల. కొత్త గడ్డి కోసరం గొర్రెలాయన అంటించినాడంట గదా?"

ఆ నిందతోనే గొర్రెలాయన మందను ఊరు మళ్లీ కొండెక్కనివ్వలేదు.

"కాదన్నా. తేనెపట్టుకు పొగ పెట్టింది నేను."

పెద్దాయన తిట్టలేదు. నన్నూ కొండెక్కించి, డబ్బాలోని పుస్తకంలో నిజం రాయించాడు. పెన్ను తిరిగిస్తే నా జేబులోనే పెట్టాడు.

"ఈడ చదివేది నాలాంటి తిక్కలోల్లే. ఊర్లో గూడా చెప్పాల."

అందుకు నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ పెన్నుతోనే రాసిన ఈ కాగితాన్ని ముందు గొర్రెలాయనకు చదివి వినిపించాను.

ఆయన అంతా విని, "తేనన్నా దొరికెనా?" అన్నాడు.