మల్లెపూలు కట్టిన రోజులు

నా స్నేహితురాలికి పెళ్లయిన చాలా ఏళ్లకు కడుపు పండింది. పర్చూరు దగ్గర మా ఊళ్లో ఇద్దరిదీ ఒకటే వీధి, ఒకటే చర్చి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. కల్లాల్లో మిరపకాయలు ఆరుతుండగా ఆమెకు నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, కానీ ఏడవలేదు. తల్లి ఇంకా మత్తులో ఉండగానే భర్త, చర్చి పెద్దలు బిడ్డను ఊరికి తెచ్చి సమాధుల తోటలో పూడ్చేశారు.

ఇంటికొచ్చాక ఆమెకు పాలు పడ్డాయి. తాగే బిడ్డ లేదని ఒంటికి తెలియదు కదా. మల్లెపూలు కడితే పాలు తగ్గుతాయని మా అమ్మ చెప్పింది. రోజూ విడిపూలు కొనుక్కెళ్లి, పాత చీర ముక్కలో పరిచి, రొమ్ములకు కట్టేదాన్ని. ఆమె గోడవైపు తిరిగి పడుకునేది.

“పెళ్లికూతురి వాసనొస్తున్నానే” అంది ఒకసారి.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా దేవుడి చిత్తం అనే చెప్పి వెళ్లారు.

“నువ్వూ అదే చెప్తావా?” అని అడిగింది.

“ఆయన చిత్తమేంటో నాకు తెలీదే.”

“మరెందుకు రోజూ వస్తున్నావు?”

“నువ్వొక్కదానివే ఉంటావని.”

పాలు ఆగిపోయిన రోజున అంతకు ముందెన్నడూ లేనంతగా ఏడ్చింది. బిడ్డ గుర్తుగా మిగిలినవి ఆ పాలేనట. కాసేపటికి లేచి, “నా బిడ్డ ఎక్కడుందో చూపించు” అంది.

“పచ్చి బాలింతరాలివి, ఈ ఎండలో ఎక్కడికమ్మా?” అంటూనే అత్తగారు ఆమె చెవులకు గుడ్డ చుట్టి పంపింది.

కుక్కలు తవ్వకుండా ఆ చిన్న మట్టిదిబ్బ మీద తుమ్మకంప కప్పి ఉంది. ఆమె పక్కనే చతికిలబడింది.

“ప్రార్థన చెయ్యవే. నన్ను ఓదార్చమని అడగొద్దు. దాని కోసం చెయ్యి.”

నేను కళ్లు మూసుకున్నాను. “ప్రభువా, ఈ బిడ్డ కడుపులో ఉన్నన్నాళ్లూ వీళ్లమ్మ సంతోషంగా ఉంది. అందుకు నీకు స్తోత్రం. ఇప్పుడు నీ దగ్గరే ఉందని నమ్ముతున్నాం. ఏడిస్తే ఎత్తుకో.”

“ఎత్తుకో తండ్రీ” అంది ఆమె.

తర్వాత, బిడ్డకు అనుకున్న పేరు నా చెవిలో చెప్పింది. అది ఇక్కడ రాయను.

ఆమెకు మళ్లీ పిల్లలు కలగలేదు. వానలు పడ్డాకగానీ చర్చికి రాలేదు. అంతకుముందు పాట ఎత్తుకునేది ఆమే. ఆ తర్వాత నా పక్కన మౌనంగా కూర్చుని, చివర్లో ఆమేన్ మాత్రం అనేది.