ఓపెన్ కొట్టిన ఫోటో

తెర మూలన బొమ్మకుక్క తోక ఊపుతూ కూర్చుంది. కంప్యూటర్‌లో ఏదైనా కనబడకపోతే వెతికిపెట్టేది అదేనట. పోయిన ఫోటోను వెతకమని చెప్పి, చేతులు కట్టుకుని దాని ముందు కూర్చున్నాను. కళ్యాణదుర్గంలో నేనొక్కదాన్నే ఉండే ఆ రెండు గదుల అద్దె ఇంట్లో, ఆ ఆదివారం, నాతో పాటు కదులుతున్నది ఆ కుక్క ఒక్కటే. కాసేపటికి ఏమీ దొరకలేదని చెప్పి మళ్ళీ తోక ఊపింది. ఏం ఉద్ధరించావని ఊపుతున్నావే అని తిట్టాను.

ఆ ఫోటో పంపింది మా అక్క. అక్కకూ నాకూ అప్పటికి ఏండ్ల తరబడి మాటల్లేవు. మా వైపు మాటల్లేవు అంటే నాలుగు రోజులు మూతి ముడుచుకోవడం కాదు. పెళ్ళిలో ఒకే పంక్తిలో కూర్చుంటారు. పక్క విస్తరిలో పప్పు అయిపోయిందని కూడా కనిపెడతారు. కానీ "ఆయమ్మకు పప్పెయ్యప్పా" అని వడ్డించేవాడికి చెబుతారు తప్ప ఆ మనిషి వైపు తిరగరు. మా పిన్నమ్మ కూతురి పెళ్ళిలో అక్క నాకు అలాగే పప్పు వేయించింది. నేను తినకుండా లేచాను.

కారణం నా నోరే. తాడిపత్రిలో మా బావకు బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్ ఉంది. అక్క ఆ ఊరి నుంచే నాకో సంబంధం చూసింది. లారీల ఆసామి, మొదటి భార్య పోయింది. పెళ్ళిచూపులు అక్క ఇంట్లోనే పెట్టారు. బావ వైపు పెద్దలంతా వరసగా కూర్చున్నారు. పెళ్ళికొడుకు ఉప్మా తింటూ "పెండ్లయినాక ఈ టీచరు పని ఇడిసిపెట్టల్ల మరి" అన్నాడు. "మీరు లారీలు ఇడిసిపెడతారా?" అన్నాను. ప్లేట్లు కింద పెట్టి అందరూ లేచిపోయారు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి, బావ వాళ్ళంతా వింటుండగా, "ఇంక దీంతో మాట్లాడితే నన్ను చెప్పుతో కొట్టండి" అంది. ఆ లారీల మాటకు నేనిప్పటికీ చింతపడను. కానీ ఆ రోజు బస్సులో ఊరు చేరేదాకా ఏడ్చాను.

ఆ తర్వాత నాకు స్కూలు, ఇల్లు, కంప్యూటర్. సాయంత్రం ఇంటర్నెట్ కలిపితే మోడెం గరగరా గొంతు సవరించుకునేది. అప్పుడు మాత్రం ఇంటికెవరో వచ్చినట్టుండేది. రోజూ చూసేది ఒకటే, ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మలు. నాకు సేద్యం లేదు, చేను లేదు. అయినా ఈ సీమలో పుట్టినవాళ్ళకు మబ్బు చూడకపోతే పొద్దు గడవదు.

అలా ఒక సాయంత్రం బావ అడ్రసు నుంచి మెయిల్ వచ్చింది. బావ అయితే వానల గురించి, కరెంటు గురించి నాలుగు ముక్కలు రాస్తాడు. ఇందులో ఒక్క అక్షరం లేదు. ఉత్త ఫోటో. అక్క పంపిందని అప్పుడే తెలిసింది. మాట్లాడనని ఒట్టు గానీ ఫోటో పంపనని కాదు కదా!

ఫోటో పైనుంచి కిందికి మెల్లగా దిగింది. ముందు జాతరలో వేసిన స్టూడియో డేరా గుడ్డ, తర్వాత మా ఇద్దరి తలలు. ఒకే తాను గుడ్డతో కుట్టించిన గౌన్లు. నాకు ఒక జడకే రిబ్బన్ ఉంది, రెండోది దారిలో ఎక్కడో పారేసుకున్నాను. లైటు వెలిగితే భయపడి పారిపోతానని అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. చిన్నప్పుడు నేను ఏది పోగొట్టుకున్నా అక్క అడిగేది ఒకటే మాట. "యాడ పెట్టినావే?" అడిగి, జవాబు కోసం చూడకుండా తనే పోయి వెతుక్కొచ్చేది. ఆ రిబ్బన్ కూడా జాతర జనంలో వెతికి తెచ్చింది, ఫోటో అయిపోయాక.

చూసినంత సేపు చూసి మూసేశాను. మెయిల్ కూడా తీసేశాను. మా స్కూల్ లెక్కల సారు అలా చెప్పి ఉన్నాడు. "మెయిల్ బాక్సు చిన్నది మేడం. చూసినవి ఎప్పటికప్పుడు తీసేయల్ల, లేకుంటే కొత్తవి రావు." ఫోటో కంప్యూటర్‌లోకి వచ్చేసింది కదా, ఇంకెక్కడికి పోతుంది అనుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దడం అయ్యాక స్టూడియోలో ప్రింటు వేయించి గోడకు పెట్టుకోవాలని నా ఆశ. తీరా చూస్తే లేదు.

సోమవారం సారును అడిగాను.

"ఓపెన్ కొట్టినారా, సేవ్ కొట్టినారా మేడం?"

"ఏదో ఒకటి కొట్టినా లెండి."

"ఓపెన్ అంటే అంగట్లో చీర ఇప్పించి చూసినట్టు. కొన్నట్టు కాదు."

అయినా ఒక చాటు ఫోల్డర్ ఉంటుందని, చూసినవన్నీ కొన్నాళ్ళు అందులో పడి ఉంటాయని, నిండితే పాతవాటిని కంప్యూటరే తీసేస్తుందని చెప్పాడు. దాన్ని ఎలా తెరవాలో కూడా చెప్పాడు.

ఇంటికెళ్ళి తెరిచాను. అందులో అన్నీ మబ్బులే. నేను సాయంత్రం సాయంత్రం చూసిన మబ్బులు, ఊరి మీద ఒక్క చినుకూ రాల్చనివి, వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటే తెరుస్తూ పోయాను. అక్క లేదు. ఇన్నాళ్ళ నా ఒంటరితనమంతా అక్కడ పేర్చిపెట్టి ఉంది గానీ అక్క చెయ్యి మాత్రం లేదు. మబ్బులు నిండి ఆ ఫోటో బయటికి పోయింది.

ఇంక మళ్ళీ అడగాలి. బావను అడిగితే అన్నం కాడ అక్కతో అంటాడు. లెక్కలేక తీసేసిందనుకుంటుంది అక్క. ఒక్క మాటైనా లేకుండా చాచిన చెయ్యి మళ్ళీ చాచదు. తనకేమో ఒట్టుంది, ఏం చేస్తుంది పాపం అనుకున్నాను. అనుకున్నాక ఒక్కసారిగా ఒళ్ళు మండింది, నా మీద నాకే. ఒట్టు పెట్టుకుంది అక్క. నేను పెట్టుకోలేదు. మరి ఇన్నేండ్లూ నా నోరు మూసిందెవరు?

ఇంటర్నెట్ తీసేసి, అదే లైన్ మీద తాడిపత్రికి ఫోన్ చేశాను. యూనిట్‌లో ఎవరో ఎత్తి, పక్కనే ఉన్న ఇంట్లోంచి అక్కను పిలిచారు.

"అక్కా, నేనే."

అవతల బండలు కోసే మిషన్ రొద తప్ప ఏమీ లేదు. ఫోన్ పెట్టేయలేదు.

"నువ్వు మాట్లాడొద్దులే, ఒట్టు పోతుంది. నేను చెప్తా, ఇను. ఆ ఫోటో శానాసేపు చూసినా. మళ్ళా చూద్దామంటే కనపడలా. అంతా ఎతికినా అక్కా, యాడా లేదు."

అంతలో వాళ్ళకు కరెంటు పోయినట్టుంది, మిషన్ ఆగిపోయింది. అక్క ఊపిరి వినబడింది. ముక్కు ఎగబీల్చడం వినబడింది. తర్వాత ఆ పాత కసురు.

"యాడ పెట్టినావే?"



"తెలీదక్కా. నువ్వే వచ్చి ఎతికిపెట్టు" అన్నాను.