తుపాకి మందుకు కొసరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేన్నీ గీసి కొలిచేవారు కాదు. బియ్యమైనా పప్పయినా మానిక మీద గోపురం లేవాల్సిందే, ఆ పైన పిడికెడు కొసరు పడాల్సిందే. మా బాపుది జగిత్యాల వైపు పల్లె. మానిక అంచు మీద అరచెయ్యి పెట్టి గీసేవాణ్ణి ఆయన మనిషి కింద జమకట్టేవాడు కాదు. ఆ పెద్ద చెయ్యిని ఆయన ఒమాన్ దాకా వెంట తెచ్చుకున్నాడు. రైసూత్ రేవులో క్రేన్లు బాగుచేసే మెకానిక్కుగా చేరి, కొన్నాళ్ళకు అమ్మనూ నన్నూ రప్పించుకున్నాడు. కంపెనీ క్వార్టర్లలో చోటు లేక మాకు కొండ మొదట్లో, సలాలా ఊరికి దూరంగా ఒక ఇల్లు దొరికింది.

మా పక్కింట్లో ఆ కొండల మనిషే ఒక ముసలాయన ఉండేవాడు. అక్కడ ముసలివాళ్ళను షైబా అంటారు. దానికి మా అమ్మ తాతను కూడా తగిలించింది. షైబా తాతకు ఒక మేకల మంద, ఒక పాత తుపాకి, నా ఈడు మనవరాలు ఉండేవి. మేకలే ఆ ఇంటిని గడిపేవి. మనవరాలు నాకు అరబీ నేర్పింది, నేను దానికి తెలుగు తిట్లు నేర్పాను.

శుక్రవారం షైబా తాత మా ఇంటికి చాయ్‌కి వచ్చేవాడు. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. చాలనుకున్నప్పుడు నోటితో చెప్పరు, ఖాళీ కప్పును వేళ్ళ మధ్య అటూ ఇటూ ఊపుతారు. అప్పుడు పోసేవాళ్ళు ఆపాలి. ఈ సంగతి మా బాపుకు తెలియక కాదు. తెలిసీ పోసేవాడు. ఆయన ఊపుతూనే ఉండేవాడు, ఈయన పోస్తూనే ఉండేవాడు. పాపం షైబా తాత నవ్వుకుంటూ తాగేవాడు.

ఆ ఇద్దరినీ కలిపింది వేట. మా ఊళ్ళో మా తాతకు భర్మారు తుపాకి ఉండేదట. చేన్ల మీద పడే పందుల కోసం గొట్టంలో అరచేతి అంచనాతో మందు పోసి, గుడ్డ కుక్కి, సీసం గుండు వేసి కాల్చేవాడట. బాపు దృష్టిలో తుపాకి అంటే అదే. షైబా తాతది వేరే రకం. కొత్త తూటాలు దొరకడం కష్టం కాబట్టి, పేల్చిన ఖాళీ తూటాలను దాచుకుని, వాటిలో మళ్ళీ మందు నింపి, గుండు బిగించి వాడుకునేవాడు. ఎప్పుడూ ఒకే కొలతలో మందు పోయడంతో ఆయన తుపాకి గురి దానికే అలవాటు పడింది. దూరంగా గట్టు మీద మేక కొమ్ములు లెక్కపెట్టగలిగేవాడు గానీ, దగ్గరి చూపు పోయింది. అందుకని మందు నింపే పని బాపుకు అప్పజెప్పాడు.

దానికో చిన్న ఇత్తడి గిన్నె ఉండేది. పాత తూటాను కోసి, తీగతో పిడి కట్టి షైబా తాత తనే చేసుకున్నాడు. నిండా పోసి కత్తి అంచుతో గీయాలి, అంతే. బాపు చెయ్యి పట్టుకుని మరీ చూపించాడు. బాపు ఆయన ఎదుట బుద్ధిగా గీసి పోసేవాడు. ఆయన నమాజుకు లేవగానే ఒక్కో తూటాలో ఇంకో చిటికెడు వేసేవాడు. అదేమిటని అమ్మ అడిగింది.

"పాపం ముసలాయన తోడేలు మీదికి పోతుండు. గింత కొసరేస్తే ఏమైతది? గుండు ఇంకింత జోరు మీద పోతది," అన్నాడు బాపు.

తోడేలు మాట నిజం. ఆ ఏడు కొండ మీద మేత ఎండిపోయి, దాని వేటకు జంతువులు కరువై అది కిందికి దిగింది. ఒక శుక్రవారం పొద్దున మనవరాలి ఏడుపు విని మేం దొడ్డి దగ్గరికి పరుగెత్తాం. ముళ్ళకంప పక్కకు పడి ఉంది. మేకలు ఎక్కడివక్కడ చీరుకుపోయి ఉన్నాయి. తిన్నది ఒక్కదాన్నే, చంపింది చాలావాటిని. ఒక చూలు మేకకు ఇంకా ప్రాణం ఉంది. కడుపు తెరుచుకుని, లోపలి పిల్ల మట్టిలో పడి కదులుతోంది, తల్లి దాన్ని నాకాలని మెడ చాపుతోంది. షైబా తాత దేవుడి పేరు చెప్పి తల్లి గొంతు కోశాడు, తర్వాత పిల్లది. ఆ నెత్తురు నా చెప్పుల కిందికి వెచ్చగా వచ్చింది. మిగిలిన కాసిని మేకలు కూడా పోతే ఆ ఇంట పొయ్యి వెలగదని నాక్కూడా అర్థమైంది.

రుచి మరిగింది కాబట్టి చీకటి పడేలోపు మళ్ళీ వస్తుందన్నాడు షైబా తాత. బతికిన మేకలను మనవరాలితో దిగువ వాగులో ఉన్న గుహలోకి తోలించాడు. ముళ్ళకంప అడ్డం పెట్టుకుని లోపలే ఉండమన్నాడు. చచ్చిన మేకలను కదపకుండా వదిలేసి, బాపును తీసుకుని పైనున్న బండ వెనక కూర్చున్నాడు. నేను ఏడ్చి గీపెట్టి బాపు వెంట వెళ్ళాను. ఆయన నేనడిగింది దేన్నీ కాదనలేడు, అదొక జబ్బు.

ఎండ పచ్చబడుతుండగా తోడేలు వచ్చింది. నేననుకున్నంత పెద్దది కాదు, బక్కచిక్కి ఉంది. ఒక కళేబరం మీద ముందుకాళ్ళు పెట్టి పేగులు లాగడం మొదలుపెట్టింది. షైబా తాత తీరిగ్గా గురి చూసి, ఊపిరి బిగబట్టి కాల్చాడు. ఆయన వృథాగా రెండో తూటా పేల్చడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. కానీ ఆ రోజు తుపాకి ఆయన భుజాన్ని వెనక్కి తోసింది. గుండు గుండెకు తగలకుండా పైకి పోయి, తోడేలు వీపు మీది కండను దున్నేసింది. అది కూలబడి, లేచి, మనిషి అరిచినట్టు అరిచింది. రెండో తూటా కోసం షైబా తాత తుపాకి గొళ్ళెం లాగాడు. రాలేదు. లోపల తూటా ఉబ్బి బిగుసుకుపోయింది. రాయితో కొట్టాడు, అయినా రాలేదు. తోడేలు నెత్తురోడుతూ వాగులోకి దూకింది.

ఆ వాగులోనే మనవరాలు ఉంది. ఒక్క చప్పుడు వినబడిందంటే తాత పని ముగించాడని దానికి తెలుసు, పుట్టినప్పటి నుంచీ అంతే. అందుకని ముళ్ళకంప లాగేసి సంతోషంగా పైకి పరుగెత్తుకొస్తోంది. ఇరుకు దారిలో తోడేలు దానికి ఎదురుపడింది. మొహం కాపాడుకోవడానికి ఎత్తిన కుడి చేతిని అది పట్టేసింది. షైబా తాత ఆ వయసులో అంత వాలు ఎలా దూకాడో నాకిప్పటికీ తెలియదు. తుపాకిని తిరగేసి దాని మడమతో తోడేలు నెత్తిన కొట్టాడు. అది పట్టు వదలలేదు. మళ్ళీ కొట్టాడు, ఎముక పగిలిన చప్పుడు నా పళ్ళలో వినిపించింది. అది చచ్చాక కూడా దవడలను బాపు రెండు చేతులతో విప్పాల్సి వచ్చింది. పిల్ల చివరి వేళ్ళు రెండూ తోలుకు వేలాడుతున్నాయి. బాపు తన రుమాలు చుట్టి, ఎత్తుకుని కంపెనీ బండిలో సలాలా ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ వేళ్ళు తీసేశారు.

తిరిగొచ్చాక బాపు అన్నం ముట్టలేదు. పోలీసుకు చెబుతారు, పని పోతుంది, మనల్ని విమానం ఎక్కిస్తారని అమ్మ వణికిపోయింది. "పోనీ. ఎక్కువేస్తే మంచిదే అనుకున్న," అన్నాడు బాపు.

కొన్నాళ్ళకు షైబా తాత మమ్మల్ని పిలిపించాడు. చాప మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. పక్కన చేతికి కట్టుతో మనవరాలు కూర్చుంది. ఆయన బాపు నింపిన తూటా ఒకటి తీసి, పట్టకారుతో గుండు ఊడబీకి, మందును ఆ ఇత్తడి గిన్నెలోకి ఒంపాడు. గిన్నె నిండింది. ఇంకా పడుతూనే ఉంది. మిగిలిన నల్లటి పలుకులు అంచు దాటి తెల్లగుడ్డ మీద రాలాయి. బాపు తల దించుకుని, కొట్టినా పడదామన్నట్టు కూర్చున్నాడు. నాకు మాత్రం నా బాపును కొడతారని ఏడుపొచ్చింది.

షైబా తాత గిన్నెనూ కత్తినీ బాపు చేతిలో పెట్టాడు.

"నువ్వే పొయ్యి. నాకు దగ్గరిది కనబడదు," అన్నాడు. గుడ్డ మీద రాలిన మందు చూపించి, "నీది పెద్ద చెయ్యి. చుట్టానికి మంచిది. దీనికి కాదు," అన్నాడు.

బాపు ముందుకు జరిగి కూర్చున్నాడు. నిండా పోశాడు, గీశాడు. పోశాడు, గీశాడు. ఆయన కళ్ళ నీళ్ళు మందులో పడతాయేమోనని షైబా తాత తన తలగుడ్డ విప్పి ఇచ్చాడు. తర్వాత కాఫీ వచ్చింది. అక్కడా పోసింది బాపే. షైబా తాత కప్పు ఊపాడు. బాపు ఆగిపోయాడు. ఆ ముసలాయన మా బాపు భుజం మీద చెయ్యి వేసి అలాగే చాలాసేపు ఉంచాడు.

ఇప్పుడు అక్కడ తోడేళ్ళను చంపకూడదు, మంచిదే. ఆ ఇద్దరూ పోయారు. నేను పెళ్ళయి కూడా సలాలాలోనే ఉండిపోయాను. మానికను మాత్రం ఈనాటికీ గీయను, నా ఇంట తిన్నవాళ్ళు కడుపు పట్టుకుని లేవాలి. కానీ ఎదుటి మనిషి చాలన్న చోట నా చెయ్యి దానంతటదే ఆగుతుంది. నా పిల్లలకు ప్రేమగా పెట్టేటప్పుడూ, కోపంతో తిట్టేటప్పుడూ కూడా ఆ తెల్లగుడ్డ కళ్ళ ముందుకొస్తుంది.

షైబా తాత మనవరాలు ఇప్పుడు అమ్మమ్మ. శుక్రవారాలు మా ఇంటికి వస్తుంది. తెలుగు తిట్లు మరిచిపోలేదు. నేను పోస్తాను, తను తాగుతుంది. తర్వాత మిగిలిన మూడు వేళ్ళతో ఆ కప్పును పట్టుకుని మెల్లగా ఊపుతుంది. నేను కెటిల్ కింద పెట్టేస్తాను.